గగన్ బండి దూరం

చింతపండు బస్తా మూతి విప్పగానే పైన కనిపించే పండుని బుల్లి ఏనాడూ నమ్మలేదు. మోచెయ్యి దాకా చెయ్యి లోపలికి దింపి, అడుగునుంచి ఒక ముద్ద లాగి, ముక్కు దగ్గర పెట్టుకుని, రెండు వేళ్ళ మధ్య నలిపి చూసుకున్నాకే "దించండి" అనేది. రాయగడ బజార్లో ఆ టోకు కొట్టుకి మునిగుడ నుంచి సరుకు తెచ్చేవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. తెలిసి కూడా పైన ఎర్రపండు, అడుగున నల్లపండు పెట్టి తెస్తారు. ఆవిడ చెయ్యి లోపలికి పెడుతుంది. వాళ్ళు నవ్వుతారు. ఆవిడ నవ్వదు.

ఆ సోమవారం మధ్యాహ్నం కొట్టు వెనక వసారాలో పీట వేసుకుని గింజ తీస్తోంది. చిన్న కత్తితో పండు నడుం చీల్చడం, బొటనవేలితో గింజ నెట్టడం, ఈనెలు లాగి అవతల పడెయ్యడం. కళ్ళు మూసుకున్నా చేతులు ఆగవు. మనవరాలు చిన్ను, నాలుగేళ్ళది, పడిన గింజలు ఏరి నేలమీద బారుగా రైలు పేరుస్తోంది. వీధిలో పెద్ద హారన్ మోగింది.

"గగన్ ఎల్లిపోతంది," అంది చిన్ను తల ఎత్తకుండానే.

గగన్ అంటే కోరాపుట్ వెళ్ళే నీలం బస్సు. ముందు అద్దం మీద అద్దమంత అక్షరాలతో ఆ పేరు రాయించుకున్నాడు దాని ఆసామీ. రోజుకి రెండుసార్లు కొట్టు ముందునుంచే వెళ్తుంది. అందుకని కొట్టులో ఎవరూ గడియారం చూడరు. గగన్ వెళ్ళిందా, రాలేదా అని అడుగుతారు.

అంతలో ఫోను మోగింది. బుల్లి చేతులు జిగురు. ఇలాంటప్పుడు చిన్నూయే ఎత్తి నాయనమ్మ చెవికి ఆనించాలి. ఆ ఫోను మీద అద్దమెంతో చింతపండు వేలిముద్రలూ అంతే.

"శనారమ్మ," అంది చిన్ను.

శనారమ్మ అంటే నాగశ్రీ, బుల్లి కోడలు, ఈ పిల్లని కన్న తల్లి. కోరాపుట్ పెద్దాసుపత్రిలో రక్తం పరీక్షల గదిలో ఉద్యోగం. శనివారం రైలెక్కి వస్తుంది, ఆదివారం రైలెక్కి పోతుంది. తక్కిన అయిదు రోజులూ తినిపించి, నీళ్ళు పోసి, పక్కలో వేసుకునేది నాయనమ్మ కనక పిల్ల నాయనమ్మనే అమ్మా అంటుంది. రెండు నెలల కిందట మొదటిసారి నాగశ్రీని పట్టుకుని "శనారమ్మా, జడెయ్యి" అన్నప్పుడు ఇంట్లో అందరూ నవ్వేరు. నాగశ్రీ కూడా నవ్వింది. నవ్వి, పెరట్లోకి వెళ్ళి, కడిగి బోర్లించిన గ్లాసునే మళ్ళీ కడిగింది. అది బుల్లి చూసింది. ఆ సాయంత్రమే కోడలికి చెప్పింది, రాయగడకి బదిలీకి పెట్టుకోమని. ఫారం నింపిన రోజున ఇంటిల్లిపాదీ ఫోన్లో తలో చెయ్యీ వేసేరు. ఒకరు పెళ్ళి తేదీ, ఒకరు కొట్టు పిన్‌కోడు, ఒకరు పిల్ల పుట్టిన రోజు. అడిగినవాళ్ళకి అడిగింది చెప్పేరు.

"అత్తా, జాబితా వచ్చింది. నా పేరు లేదు."

బుల్లి కత్తి కింద పెట్టింది. "నేదంటే ఏటమ్మీ? కింద ఎక్కడేనా రాసేరేమో, సరిగ్గా సూసేవా?"

"రెండుసార్లు చూసేను. అనూహ్యకి రాయగడ ఇచ్చేరు. నన్ను ఇక్కడే ఉండమన్నారు."

"ఎందుకటా?"

"దూరం చాలదటా."

"ఏ దూరం?"

"ఇంటికీ నా డ్యూటీకీ మధ్య. ఇంత ఉంటేనే ఇస్తామని వాళ్ళకో లెక్క ఉందిలే."

"అయిదు గంటలు రైల్లో కూకుంటే గాని రాని ఊరు. అదీ సాలదా? ఎవుడు కొలిసేడమ్మీ దాన్ని?"

అటునుంచి మాట లేదు. రక్తం గొట్టాలు గిర్రున తిప్పే మిషను చప్పుడు మాత్రం వినిపించింది. 

"ఉంటానత్తా. శాంపిళ్ళు వచ్చేయి," అని నాగశ్రీ పెట్టేసింది.

ఆ ఊరుకోడం బుల్లికి నచ్చలేదు. బస్తా అడుగున చేతికి తడి తగిలినట్టుంది.

సాయంత్రం కొడుకు రామమూర్తి కొట్టు లెక్క మూసి వచ్చేక, ఆ ఆఫీసులో కాయితాలు చూసేది ఎవరని కూపీ తీసింది.

"పెద్ద గుమాస్తా అమ్మా. వరాహనరసింహం గారని. తెలుగాయనే. వాళ్ళ తాతలు జయపురం ఎస్టేటు కచేరీలో రాసేవాళ్ళట."

"పొడుగ్గా, కళ్ళద్దాలు తాడుతో మెళ్ళో యేలాడేసుకుంటాడు, ఆయనేనా?"

"నీకెలా తెలుసు?"

"ఎలా తెలకపోడం? ముందటేడు మాఘమాసంలో రాయగడ పెళ్ళికొచ్చి మన కొట్లో అయిదు కేజీల పండు కొన్నాడు. తడుందని మర్నాడు మనిషి సేత తిప్పి పంపించేసేడు. నా పండు తడట." బుల్లి మూతి విరిచింది. "మరి ఆ అనూహ్య ఎవరు? వాళ్ళ సుట్టమా?"

"నాగశ్రీతో పాటు అదే గదిలో ఉంటుంది కదమ్మా. గుణుపురం పిల్ల. ఆయనకీ ఆవిడకీ ఏం సంబంధం?"

"నాకేం తెలుసు ఏటి సంబంధమో. ఇద్దరూ ఒకే గదిలో ఉంటారు, ఒకే పని సేస్తారు. ఒకర్ది పైకి తేలింది, ఒకర్ది ములిగింది. ఎవురో సెయ్యెట్టేరు."

"పోనీ ఫోన్ చేసి అడుగుదాం."

"ఫోన్లో అందరూ మంచోలే. నేనెల్తాను."

రామమూర్తి నవ్వేడు. "ఎళ్ళి ఏటి చేస్తావు, ఆఫీసులో చెయ్యి మోచెయ్యి దాకా పెడతావా?"

"పెడతాను," అంది బుల్లి.

వెళ్ళేముందు వాన సంగతి తెలుసుకోవాలి, పిల్లని తీసుకెళ్తోంది కనక. దానికి మాత్రం ఆవిడ మనుషులెవర్నీ అడగదు. "సిన్నూ, నొక్కు," అంటుంది. చిన్ను ఫోన్లో మైకు బొమ్మ నొక్కుతుంది. బుల్లి వంగి, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు గట్టిగా అడుగుతుంది. లోపలినుంచి ఒక అమ్మాయి గొంతు పుస్తకం తెలుగులో జవాబు చెబుతుంది. "కోరాపుట్‌లో రేపు అక్కడక్కడ తేలికపాటి జల్లులు కురిసే అవకాశం ఉంది." సగం అర్థమౌతుంది, సగం అవదు. అయినా బుల్లికి లోకంలో అనుమానం లేనిది ఆ గొంతు మీదే. ఎందుకంటే, దానికి చుట్టాల్లేరు. ఒకరి పక్క మాట్లాడ్డానికి దానికేం పని?

*

బుధవారం పొద్దున్న స్టేషన్లో టికెట్టు తనే తీసుకుంది. కిటికీలోంచి వచ్చిన చీటీని అటూ ఇటూ తిప్పి చూసి, నాలుగు మడతలు పెట్టి, రొండిన దోపిన గుడ్డసంచిలో వేసింది. దిగిపోయేక కూడా ఆవిడ టికెట్టు పారెయ్యదు. మర్నాడెవడో వచ్చి నువ్వు టికెట్టు లేకుండా వచ్చేవంటే ఏం చూపిస్తావ్? పాత టికెట్లన్నీ వంటింట్లో ఆవాల డబ్బా వెనక ఒక పొట్లం కట్టి ఉంటాయి.

బండి కదిలింది. ఆవిడ కొంగు ముడిలో గుప్పెడు చింతగింజలున్నాయి. ఒక్కో స్టేషను వచ్చినప్పుడు ఒక్కో గింజ ఆ ముడిలోంచి తీసి చిన్ను గౌను జేబులో వెయ్యాలని ఏర్పాటు. చదువుకున్నవాళ్ళు కాయితం మీద రాసుకుంటారు. ఆవిడకి అంకెలొచ్చు, సంతకం వచ్చు. తక్కినవన్నీ ఇలాగే.

"సింగపూర్ రోడ్డు. ఒకటి."

చిన్ను గింజ అందుకుని జేబులో వేసి, జేబు మీద చెయ్యి పెట్టుకుంది.

సికర్‌పాయి దాటేక కొండలు దగ్గరికొచ్చేయి. బండి ఒక కొండని చుట్టుకుంటూ వెళ్ళి, కాసేపటికి మళ్ళీ అదే కొండకి అటుపక్క బయటపడింది. కిందికి చూస్తే ఇందాక తాము దాటొచ్చిన పట్టాలే, ఎవరో తాడు పారేసినట్టు. సొరంగం వచ్చినప్పుడల్లా చిన్ను నోరు తెరిచి "ఓ" అంటుంది. సొరంగం కూడా "ఓ" అంటుంది. ఎదుటి బల్లమీద ఉల్లికాడల మోపులు పెట్టుకున్న కొండప్రాంతం దేశియా ఆడమనిషి దాన్ని చూసి నవ్వి, "కుందూరు?" అని, ఎందాకా అని అడిగింది.

"కోరాపుట్," అంది బుల్లి. "ఈ పిల్ల తల్లి అక్కడ." ఆ పైన తెలుగూ ఒడియా కలిపి మొత్తం చెప్పింది: జాబితా సంగతి, దూరం చాలదన్న సంగతి. మోపుల మనిషికి ఎంతవరకూ అర్థమైందో గాని, కిటికీలోంచి ఆ కొండల కేసి చూసి, నాలిక చప్పరించింది.

లెల్లిగుమ్మ, టికిరి, లక్ష్మీపూర్ రోడ్డు. మధ్యలో బండి ఒకచోట గంటన్నర ఆగిపోయింది. ఎదురు బండికి దారివ్వాలట. బుల్లి అటుకుల డబ్బా తీసింది. తింటూ మనసులో ఒకటే లెక్క వేస్తోంది. ఈ దారి చాలదని రాసినవాడు ఈ దారిన ఎప్పుడేనా వచ్చేడా? రాకుండా రాసేడంటే రాయించినవాళ్ళున్నారు. రాయించినవాళ్ళకి లాభం ఉండాలి. లాభం ఎవరికొచ్చింది? రాయగడ వచ్చిన పిల్లకి. ఎటు తిప్పినా లెక్క అక్కడికే వచ్చి ఆగుతోంది.

కోరాపుట్లో దిగేసరికి పొద్దు వాలుతోంది. చలి. నాగశ్రీ స్వెట్టరు వేసుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడుంది. పిల్లని ఎత్తుకోబోతే చిన్ను నాయనమ్మ కొంగు వెనక్కి తప్పుకుని వేళ్ళు లెక్కపెట్టింది.

"ఇయాల శనారం కాదు కదా," అంది.

నాగశ్రీ చాచిన చేతులు అలాగే ఉంచి, తరవాత సంచీ అందుకుంది.

"గింజలెన్నమ్మీ?" అని బుల్లి పిల్లని అడిగింది. జేబులోంచి తీసి లెక్కపెడితే పదకొండే ఉన్నాయి.

"పన్నెండు స్టేషన్లు. ఒకటేటయింది?"

చిన్ను నోరు తెరిచి చూపించింది. దామన్‌జోడి స్టేషను దవడలో ఉంది.

*

గది చూడగానే బుల్లికి మళ్ళీ తడి తగిలింది. కిటికీకి కొత్త తెరలు. గుమ్మం పక్క నూనె డబ్బాలో బంతిమొక్క, దానికో పుల్ల ఊతం. గోడకి దేవుడి పటం, పటానికి చిన్న దీపం లైటు. నాలుగు రోజులుండి పోయేవాళ్ళు మొక్క పెడతారా? మొక్కకి ఊతం కడతారా?

రెండో మంచం మీద అనూహ్య బట్టలు సర్దుకుంటోంది. బక్కగా, కళ్ళకింద నల్లగా ఉంది. లేచి, "రండి పెద్దమ్మా, కూర్చోండి," అని పిల్లకి రెండు బిస్కెట్లిచ్చింది. బుల్లి ఒక బిస్కెట్టు విరిచి వాసన చూసి అప్పుడు తినమంది.

"నీకు రాయగడ ఇచ్చేరటగా. అదృష్టమంతురాలివి."

"నాకు రావడమూ, నాగశ్రీ ఆగిపోవడమూ... నాకేం బాగులేదు పెద్దమ్మా." అనూహ్య మడత పెట్టిన చీరని మళ్ళీ విప్పి మడత పెట్టింది. "అక్కడ రెండు ఖాళీలున్నాయి. ఇద్దరం కలిసి పోదామనుకున్నాం."

"మరెక్కడ పొరపాటొచ్చింది?"

అనూహ్య నాగశ్రీ మొహం చూసింది. నాగశ్రీ పొయ్యి మీద పాలగిన్నె జరిపింది. ఆ చూపు, ఆ జరపడం, రెండూ బుల్లి లెక్కలో పడ్డాయి.

అన్నాలయ్యేక అనూహ్య డ్యూటీకి వెళ్ళింది. అప్పుడు నాగశ్రీ అంది, "అత్తా, రేపు ఆఫీసుకి నువ్వు రావొద్దు. నేను వెళ్ళి కనుక్కుని వస్తాను. నువ్వు చిన్నూతో ఇక్కడే ఉండు."

"నేనొచ్చిందే ఆఫీసుకి."

"నువ్వొస్తే ఆయన చిరాకు పడతారు."

"ఎవరాయన? ఆయన సిరాకు నీకెందుకమ్మీ?"

నాగశ్రీ చిన్నూ జడ విప్పుతోంది. చిక్కు దగ్గర దువ్వెన ఆపి వేళ్ళతో తీస్తోంది, పిల్లకి నొప్పెట్టకుండా. బుల్లి ఆ వేళ్ళనే చూస్తూ, రైలెక్కిన దగ్గర్నుంచి అడుగున దాచుకున్న మాట పైకి లాగింది.

"నాగశ్రీ, అడుగుతున్నానని ఏటనుకోకు. నీకు ఇంటికి రావాలని ఉందా, నేదా?"

వేళ్ళు ఆగేయి.

"తెరలు కట్టుకున్నావు. మొక్క పెంచుకున్నావు. నీ సేతిలో జీతం, నీ గది. అక్కడికొస్తే మళ్ళీ నేనూ, కొట్టూ, సింతపండూ. నీకిక్కడే బాగుంటే సెప్పీ. నేనేటీ అనను."

నాగశ్రీ దువ్వెన కింద పెట్టింది. జడ మూడు పాయలూ అల్లి, రిబ్బను కట్టి, ముడి బిగించింది.

"నువ్వేనా అత్తా ఈ మాట అడగడం," అని గిన్నెలు తీసుకుని కొళాయి దగ్గరికి వెళ్ళిపోయింది. లోపలికి గిన్నెల చప్పుడు వినిపిస్తూనే ఉంది. రెండు పళ్ళాలూ మూడు గ్లాసులకి అంత సేపు పట్టదు. కాని బుల్లికి అప్పుడు వినపడిందల్లా, అడిగినదానికి జవాబు రాలేదన్నదొక్కటే.

*

గురువారం పదకొండు గంటలకి ఆఫీసు మెట్లెక్కేరు ముగ్గురూ. నాగశ్రీ వెనక నడిచింది, నడక సాగనట్టు. లోపల ఇనప బీరువాల మధ్య బల్ల, బల్లమీద కంప్యూటరు, దాని వెనక తాడుతో కళ్ళద్దాలు మెళ్ళో వేలాడేసుకున్న వరాహనరసింహం. ఎవరితోనో ఫోన్లో ఒడియాలో మాట్లాడుతూ "ఆజ్ఞా, ఆజ్ఞా" అని చిత్తం పలుకుతున్నాడు. పెట్టేసి, అద్దాలు పెట్టుకుని, బుల్లిని పరకాయించి చూసేడు.

"మీరు రాయగడ చింతపండు కొట్టు బుల్లిగారు కదూ?"

"తడి పండు బుల్లిని."

ఆయన నవ్వు ఆపుకున్నాడు. "అది మా ఆవిడ పంపించిందండి. నాకు తెలీనే తెలీదు. కూర్చోండి."

బుల్లి కూర్చోలేదు. చిన్ను జేబులోంచి గింజలు తీసి ఆయన బల్లమీద, కాయితాల మధ్య, ఒక్కొక్కటీ బారుగా పెట్టింది.

"ఇదేమిటండి?"

"సింగపూర్ రోడ్డు. ఇది కేతుగుడ. ఇది సికర్‌పాయి." పదకొండూ పెట్టి, పన్నెండోదాని దగ్గర ఖాళీ వదిలింది. "ఇది దామన్‌జోడి, పిల్ల నమిలేసింది. నిన్న తొమ్మిదింటికి ఎక్కితే మూడున్నరకి దింపింది బాబూ. ఈ దూరం మీ లెక్కకి సాలనేదట. ఎవరు కొలిసేరో నాకు సూపించండి. నాకు సదువు నేదు గాని అంకెలొచ్చు."

"అత్తా," అంది నాగశ్రీ వెనకనుంచి. "నేను చెప్తాను, నువ్వు చిన్నూని బయటికి..."

"నువ్వుండమ్మీ."

వరాహనరసింహం నాగశ్రీని చూసేడు. ఆమె తల వంచుకుంది. ఆయన కంప్యూటరులో ఏదో వెతికి, మిషనులోంచి ఒక కాయితం లాగి, బల్లమీద గింజల పక్కనే పెట్టి, వేలితో ఒకచోట చూపించేడు.

"మేం కొలవమండి. దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళే రాస్తారు. వంద కిలోమీటర్లు దాటితే ముందు వరస. ఇక్కడ ఈవిడ ఎంత రాసిందో చదవండి."

బుల్లి వంగింది. అంకెలు. ఎనిమిది, నాలుగు.

"ఎనభై నాలుగు," అంది.

"రోడ్డు మీద నూట పది పైమాట, అది ఈ ఆఫీసులో ప్యూనుకి కూడా తెలుసు. కాని కాయితం మీద ఎనభై నాలుగుంటే కంప్యూటరు ఎనభై నాలుగే చూస్తుంది. పక్కకి తోసేసింది. ఈ అంకె ఎక్కడిదా అని నేనే వెతికేను సోమవారం." ఆయన కంప్యూటరు తెర ఇటు తిప్పేడు. "ఇదిగో, ఇక్కడిది. ఊరికీ ఊరికీ విమానం దూరం చెప్పే పేజీ. కాకి ఎగిరినట్టు తిన్నగా గీత గీసి చెప్తారు. గగనమార్గంలో ఎనభై నాలుగు కిలోమీటర్లు, ప్రయాణ సమయం ముప్ఫై ఆరు నిమిషాలు అట. కోరాపుట్ నుంచి రాయగడకి విమానం ఎక్కడిదండీ? నేను పుట్టి అరవయ్యేళ్ళు..."

తరవాత ఆయన ఏమన్నాడో బుల్లికి వినపడలేదు.

గగనమార్గంలో.

ఫారం నింపిన రోజు. వసారా. చింతపండు. చేతులు రెండూ జిగురు. ఫోను అవతల నాగశ్రీ తొందర, "అత్తా, ఇవాళే ఆఖరు, గంటలో మూసేస్తారు. ముందర లారీవాళ్ళెవరేనా ఉంటే అడుగు, రోడ్డు మీద ఎన్ని కిలోమీటర్లో. నాకు ఇక్కడ శాంపిళ్ళు ఆగిపోయేయి." లారీ డ్రైవరు బాపి గుమ్మంలోనే ఉన్నాడు. నూట పదిహేను మౌసీ, అన్నాడు. కిరాయికోసం కిలోమీటర్లు పెంచి చెప్పే బాపి. వాడి మాట నమ్ముతుందా? సిన్నూ, నొక్కు. రాయగడ నుంచి కోరాపుట్ ఎంత దూరం? లోపలి అమ్మాయి గొంతు ఎంచక్కా జవాబిచ్చింది. గగన మార్గంలో ఎనభై నాలుగు కిలోమీటర్లు. గగన్ ఎళ్ళే దారిలో. రోజూ కళ్ళ ముందునుంచి వెళ్ళే నీలం బస్సు. ఇంకేం కావాలి? దానికి చుట్టాల్లేరు. "అమ్మీ, ఎనభై నాలుగు. గగన్ బండి దూరం. రాసీసుకో," అని తనే, ఈ నోటితోనే చెప్పింది. బాపికేసి చూసి, దొంగని పట్టుకున్నట్టు నవ్వింది కూడా.

"ఎవరు చెప్తే రాసేరో రాసి, సంతకంతో అభ్యంతరం పెట్టుకోండి, సరిచేయమని పైకి పంపిస్తాను అన్నాను," అంటున్నాడు వరాహనరసింహం. "ఈవిడ సోమవారం నాడు ఆ కుర్చీలోనే కూర్చుంది. అరగంట పెన్ను పట్టుకుని కూర్చుని, లేచి వెళ్ళిపోయింది. రేపు సాయంత్రం గడువు."

"నేనే చూసి ఆ అంకె కొట్టేనండి," అంది నాగశ్రీ. గొంతు చిన్నది. "నా ఫోన్లో నేనే చూసేను. అలాగే రాస్తాను."

"ఆలోచించుకోండమ్మా. ఉద్యోగస్తులు మీరే తప్పుడు అంకె పెట్టేనంటే సర్వీసు పుస్తకంలో మాట పడుతుంది. మళ్ళీ మూడేళ్ళ దాకా బదిలీ అడగనివ్వరు. అందుకే ఆ రోజు వద్దన్నాను."

"పడనీండి."

బుల్లి కోడలి వైపు తిరిగింది. నాగశ్రీ ఆవిడ మొహం చూడలేదు. పిల్ల గౌను మీద లేని మరక తుడుస్తోంది.

సోమవారం ఫోన్లో ఊరుకున్నది ఇదన్నమాట. పాలగిన్నె జరిపింది ఇదన్నమాట. రావొద్దన్నది, మాట తప్పించింది, కొళాయి దగ్గర అంతసేపు నిలబడింది. బుల్లి అడుగుదాకా చెయ్యి పెట్టింది. అడుగున ఉన్నది తనే.

ఇప్పుడు కుర్చీలో కూర్చుంది.

"బాబూ, కాయితం తియ్యి," అంది. "రాయి. అంకె సెప్పింది మొగుడి తల్లి. పేరు బుల్లి. సదువు నేదు. లారీవోడు నూట పదిహేనని సరిగ్గానే సెప్పేడు. ఆడు అబద్ధమాడుతున్నాడనుకుని ఫోన్నడిగింది. ఫోను గగనం అంటే ఇది గగన్ బస్సనుకుంది. అలాగే రాయి, ఏటీ తగ్గించకు."

వరాహనరసింహం పెన్ను తీసి ఆవిడ వైపు చూసేడు. "బస్సనుకున్నారా?"

"మా కొట్టు ముందునుంచే ఎల్తాది."

ఆయన నవ్వలేదు. కాయితం మీద వంగి రాయడం మొదలెట్టేడు. పైన ఒడియా, కింద ఇంగ్లీషు. మధ్యలో ఒకచోట ఆగి, ఆ బస్సు పేరు ఎలా రాస్తారని అడిగేడు. అద్దం మీద ఎలా ఉంటే అలాగే అంది బుల్లి. రాసి, చదివి, అర్థం చెప్పేడు.

"అసలు దూరానికి ఒక రుజువు జత చెయ్యాలి. రోడ్డు కొలత ధ్రువపత్రమంటే రేపటికి కాదు. ఏదేనా సర్కారు కాయితం ఉండాలి."

నాగశ్రీ బ్యాగు వెతికింది. ప్రతి శనివారం వెళ్ళి వచ్చే మనిషి, ఒక్క టికెట్టూ లేదు. దిగగానే పారేస్తుంది.

బుల్లి రొండిన గుడ్డసంచి విప్పి, నాలుగు మడతల చీటీ తీసి, బల్లమీద గోరుతో మడతలు సాపు చేసింది. ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని చదివేడు. చీటీ మీద కిలోమీటర్లు అచ్చువేసి ఉన్నాయి. నూట అరవై నాలుగు.

"దీన్ని ఎందుకు దాచేరండీ?"

"ఎవరేటంటారోనని."

ఆయన టికెట్టుని కాయితానికి గుండుసూదితో గుచ్చేడు. "పైన ఏమంటారో నేను చెప్పలేను. రెండో ఖాళీ ఇంకా నిండలేదు. ఈ సాయంత్రమే పంపిస్తాను. ఇక్కడ సంతకం పెట్టండి."

బుల్లి పెన్ను పట్టుకుంది. సంతకం పెట్టేటప్పుడు ఆవిడ ఊపిరి బిగబడుతుంది. ఒత్తుకి ఎప్పుడూ చోటు సరిపోదు. ఒడియా గుండ్రాల కింద, ఇంగ్లీషు గీతల కింద, వంకరగా మూడంగుళాల మేర "బుల్లి" అని తెలుగులో కూర్చుంది. చిన్ను బల్లమీది గింజలు ఏరి మళ్ళీ జేబులో వేసుకుంది.

లేస్తూ వరాహనరసింహం అన్నాడు, "ఈసారి రాయగడ వచ్చినప్పుడు పండు తీసుకుంటానండి."

"సెయ్యి లోపలికెట్టి సూసుకో బాబూ," అంది బుల్లి. "నా మాట నమ్మకు."

*

శుక్రవారం పొద్దున్న బస్టాండులో నీలం బస్సు ఇంజను వేసే ఉంది. నాగశ్రీ కిటికీ కింద నిలబడి, పిల్లకి లోపలికి అరటిపళ్ళు అందించింది. ఆఫీసు నుంచి వచ్చిన దగ్గర్నుంచీ అత్తాకోడళ్ళిద్దరూ ఆ మాట ఎత్తలేదు. ఇప్పుడూ ఎత్తలేదు. బుల్లి కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి, కోడలి స్వెట్టరు బొత్తాం ఒకటి ఊడితే పెట్టింది.

"మొక్కకి నీల్లొయ్యి," అంది. "రాయగడ తెచ్చీసుకుందాం. నూనె డబ్బాతోనే."

నాగశ్రీ తలూపింది. బస్సు కదిలేక చిన్ను వెనక్కి చూసి చెయ్యి ఊపింది, అది శుక్రవారమని గుర్తున్నా.

కండక్టరు వచ్చేడు. "రాయగడ, ఎన్ని కిలోమీటర్లు బాబూ?" అని అడిగింది బుల్లి.

"నూట పదిహేను మౌసీ."

"అవును," అంది.

ఊరు దాటేక దారి వంకలు తిరుగుతూ దిగడం మొదలైంది. మంచు ఇంకా విడలేదు. చిన్నూకి పని కావాలి. రాయగడ ఇంకా ఎంతుందో చెప్పే కిలోమీటరు రాళ్ళు చూడమంది. పిల్లకి అంకెలు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. రాయి రాగానే "ఒకటీ, సున్నా, రెండు" అని అరుస్తుంది. బుల్లి ఊఁ కొడుతుంది. తొంభైలు వచ్చేయి. ముప్పావు గంట దాటింది. దారిలో ఊరు కాకిరిగుమ్మ ఇంకా రాలేదు. ఇటు కొండ, అటు లోయ, మధ్యలో రోడ్డు. మనిషన్నవాడు లేడు. పొగమంచులో ఒక ఆవు నిలబడుంది.

"ఎనిమిది, నాలుగు," అంది చిన్ను.

పసుపూ తెలుపూ రాయి, చిన్నది, గడ్డిలో సగం మునిగి. బుల్లి కిటికీ చువ్వ పట్టుకుని, అది వెనక్కి పోయేదాకా మెడ తిప్పి చూసింది.

"ఇదిగోనమ్మీ," అంది. "మీ అమ్మని నేను ఇక్కడ దింపీసేను."

"శనారమ్మనా?"

"కాదు. మీ అమ్మని."

చిన్ను కిటికీలోంచి ఆ కొండలకేసి, ఆ మంచుకేసి చూసింది. ఇంత చోట్లో ఒక్కర్తినీ.

"మరి ఇంటికెవరు తెస్తారు?"

బుల్లి పిల్ల జేబు తడిమి, ఒక గింజ తీసి, దాని చేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

"దింపినోలే తెస్తారు. ముందు రాయి సూడు," అంది.